నల్ల కాగితం చుట్టిన గాజు గొట్టం

కడుపులోకి సూది పంపి ఉమ్మనీరు తీసే పరీక్షకు వచ్చిన ఆడమనిషి ముందుగా తన నొప్పి గురించి అడగదు. "పిల్లకు తాకుతదా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు "ఏం కాదమ్మా, భయపడకు" అని జవాబు చెప్పే నర్సును నేను నా వార్డులో ఉండనివ్వలేదు. ఏం కాదని మనకెవరు చెప్పారు? చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందికి నీరు కారుతుంది, నెత్తురు కనిపిస్తుంది, జ్వరం వస్తుంది. ఎప్పుడో ఒకరికి గర్భమే పోతుంది. ఈ మాటలన్నీ సూదికి ముందే చెప్పాలి. సూది అయ్యాక చెబితే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది.

1969లో బీయస్సీ నర్సింగు పట్టా పట్టుకుని వికారాబాదులో ఒక ఆస్పత్రిలో చేరాను. తర్వాత తాండూరుకు మారాను. నడుము ఇక నా మాట వినకపోవడంతో, పోయిన ఏడు, నలభై మూడేళ్లకే, ఉద్యోగం మానేశాను. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలు పరిగిలో మా ఇంటికొచ్చి, ఆ పరీక్షకు మనిషిని ఎలా సిద్ధం చేయాలి మేడమ్ అని అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. నాకు నోరు నొప్పి పుట్టిందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు కాబట్టి రాసి పెడుతున్నాను.

చాయ్ గ్లాసు

నాకు పని నేర్పింది డాక్టర్ కమలమ్మ గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఎంత నెమ్మదంటే, ఆవిడ ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య నేను నాలుగు మాటలు మాట్లాడేసేదాన్ని. నేను చేరిన మొదటి వారంలో ఉమ్మనీటి పరీక్ష ఒకటి పడింది. బల్ల మీద మనిషిని పడుకోబెట్టి వచ్చి చెబితే ఆవిడ చాయ్ తెప్పించమన్నారు. ఇప్పుడు చాయేమిటి అని లోపల సణుక్కుంటూనే తెప్పించాను. ఆవిడ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నారు. తాగలేదు.

"చల్లటి చెయ్యి పడితే పొట్ట బిగుసుకుంటుంది సిస్టర్," అన్నారు. "బిగుసుకుంటే బిడ్డ వీపు ఎటుందో నాకు తెలీదు."

అప్పటికి కడుపులోకి చూసే స్కానింగు మిషను మా దగ్గర లేదు. శిశువు తల ఎక్కడ, వీపు ఎక్కడ, నీరు ఎక్కువగా నిలిచిన చోటెక్కడ, అంతా చేత్తో తడిమి తెలుసుకోవాల్సిందే. వేళ్లు వెచ్చబడ్డాక ఆవిడ లేచి వెళ్లేవారు. చల్లారిన చాయ్ నేను తాగేదాన్ని. మా ఆస్పత్రిలో ఆవిడ చేసిన ప్రతి పరీక్షకూ నేనొక చల్లారిన చాయ్ తాగాను. ఎన్నని లెక్క పెట్టలేదు.

పరీక్ష ఎలా ఉంటుందో పేషెంటుకు వరసగా చెప్పండి. ముందు మూత్రానికి వెళ్లి రావాలి. వెల్లకిలా పడుకోవాలి. మందు తుడిస్తే పొట్ట చల్లబడుతుంది. తిమ్మిరికిచ్చే చిన్న సూది చీమ కుట్టినట్టుంటుంది. పెద్ద సూది దిగేటప్పుడు నొప్పి కంటే ఎవరో వేలు పెట్టి గట్టిగా నొక్కుతున్నట్టుంటుంది, లోపల ముట్టునొప్పిలా ఒకసారి పట్టేస్తుంది. నీరు తీయడం ఒకటి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ కదలకూడదు, దగ్గొస్తే ముందే చెప్పాలి. తర్వాత పక్కకు తిరిగి గంటసేపు పడుకోబెట్టి శిశువు గుండె చప్పుడు వింటాం. ఇంటికెళ్లాక నీరు కారినా, నెత్తురు కనిపించినా, చలిజ్వరం వచ్చినా, నెలలు నిండుతున్న మనిషికి లోపల కదలిక తగ్గినా పరుగున రావాలి. రెండు రోజులు బిందె ఎత్తకూడదు. ఈ చివరి మాట ఆమెతో కాదు, ఆమె అత్తతో చెప్పండి.

చాంద్‌బీ

అత్త అంటే నాకు చాంద్‌బీ గుర్తొస్తుంది. ఆమె కోడలు ఖైరున్నీసా. వాళ్లది తాండూరు. కొడుకు షాబాదు బండలు కోసే కార్ఖానాలో పని చేసేవాడు. నేను చేరిన ఆరో ఏడు వాళ్లు మా దగ్గరికి వచ్చారు.

ఖైరున్నీసాకు మొదటి కాన్పు చక్కగా అయింది. రెండో కాన్పులో పుట్టిన పాప తెల్లారేసరికి పచ్చబడి, మూడో రోజు పోయింది. మూడోది ఒళ్లంతా నీరు పట్టి కడుపులోనే పోయింది. ఇప్పుడు నాలుగోసారి, ఎనిమిదో నెల.

ఆమె నెత్తురు ఆర్‌హెచ్ నెగటివ్, భర్తది పాజిటివ్. మొదటి కాన్పులో పిల్లవాడి నెత్తురు కొంచెం తల్లి నెత్తుట్లో కలిసింది. అప్పటినుంచి తల్లి ఒళ్లు ఆ రకం నెత్తురును శత్రువు కింద లెక్కగట్టి, కడుపులో పడ్డ ప్రతి శిశువు నెత్తురునూ విరగ్గొడుతోంది. ఇప్పుడైతే మొదటి కాన్పు కాగానే ఒక ఇంజెక్షన్ ఇచ్చి దీన్ని రానివ్వకుండా చూస్తున్నారు. ఆమె మొదటి కాన్పు నాటికి ఆ మందు మా వైపు రాలేదు.

విరిగిన నెత్తుటి పసుపు ఉమ్మనీటిలోకి దిగుతుంది. ఆ పసుపు ఎంతుందో హైదరాబాదు ల్యాబులో మిషను మీద చూస్తారు. ఎక్కువుంటే నెలలు నిండకముందే కాన్పు చేసి శిశువుకు నెత్తురు మార్చాలి. తక్కువుంటే ఆగాలి, ముందే పుట్టిన ప్రాణానికి ఊపిరి అందదు కాబట్టి. తప్పు లెక్కతో ఆగితే లోపల పోతుంది, తప్పు లెక్కతో తొందరపడితే బయట పోతుంది. ఖైరున్నీసా శిశువు బతుకు ఆ గాజు గొట్టంలోని నాలుగు చుక్కల రంగు మీద ఉంది.

ఆ పసుపుకు వెలుతురు పడదు. ఎండ తగిలితే అది విరిగి, ఉన్నది కూడా లేనట్టు కనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రే ఫిలిముల డబ్బాల్లో వచ్చే నల్ల కాగితాన్ని దాచిపెట్టి, గొట్టానికి రెండు వరసలు చుట్టి, దారంతో కట్టి రైల్లో పంపేవాళ్లం. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే చెప్పారు. తెలియక చేసిన తప్పయితే ఇక్కడ రాసేదాన్ని కాదు.

పరీక్ష బాగానే అయింది. ఖైరున్నీసా లోపల పడుకుంది. రైలుకు ఇంకా గంట ఉంది. గొట్టం చేత్తో పట్టుకుని బయటికి వస్తే వరండాలో చాంద్‌బీ దారికి అడ్డం నిలబడింది. బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"ఏం తీసిన్రు సిస్టరమ్మా, మా పిల్ల కడుపులకెల్లి?"

"చెప్పిన గదా అమ్మా. ఉమ్మనీరు. జరంత."

"నీళ్లేనా?"

"నీళ్లే."

"నీళ్లయితే నల్ల కాయితం ఎందుకు చుట్టిన్రు? సర్కారు నల్లా నీళ్లకు ఎవరన్న కాయితం చుడ్తరా? దాస్తున్నరంటే అండ్ల ఏందో ఉన్నట్టు."

ఆమె కొడుకు తల దించుకుని "ఛోడ్ అమ్మా" అన్నాడు. ఆమె వదలలేదు. వరండాలో ఉన్న పేషెంట్లందరూ మా వైపు తిరిగారు.

"గర్భంల పిల్ల నెత్తురు తీస్తరట, పట్నంల పెద్దోళ్లకు ఎక్కిస్తరట. మా గల్లీల అందరు అంటున్నరు," అంది చాంద్‌బీ. "రెండు పోయినయి నా కోడలికి. గీ నాలుగోదాన్ని నీ చేతుల పెట్టి నేను నోరు మూసుకోవాల్నా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఎవరో కడుపులో సూది గుచ్చి, తీసిందేమిటో చూపించకుండా మూట కట్టి తీసుకుపోతుంటే నేనైనా అడుగుతాను, ఇంకా గట్టిగా అడుగుతాను. కానీ అప్పుడు నాకు వినిపించింది ఒక్కటే, నన్ను దొంగ అంటోంది. వాదనలో ఓడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"చూస్తవా? చూడు," అని దారం విప్పి, నల్ల కాగితం తీసి, గొట్టాన్ని ఎండలోకి ఎత్తి పట్టాను. "ఏడుంది నెత్తురు? చూపియ్యి."

ఆమె గొట్టం చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. కొడుక్కిచ్చింది. అతను పక్కాయనకు చూపించాడు. "పచ్చగ ఎందుకున్నయి?" అని ఆమె అడిగింది. అది ఎందుకో నేను చెప్పాను. ఆమె నమ్మలేదు, మళ్లీ చెప్పాను. గొట్టం వరండా గోడ మీద, ఏప్రిల్ ఎండలో, మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది. చివరికి ఆమె "సరే, నీళ్లే" అంది. నేను గెలిచాను. కాగితం మళ్లీ చుట్టి, దారం కట్టి, రైలందుకున్నాను.

అంగీ గుడ్డ

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ వేయించిన పల్లీలు తింటూ చదివారు. ఆవిడ ముఖంలో అంత తేలిక నేనెప్పుడూ చూడలేదు.

"రంగు తక్కువే ఉంది సిస్టర్. ఈ బిడ్డ మనల్ని అంతగా భయపెట్టేట్టు లేదు. మూడు వారాలాగి మళ్లీ సూది వేద్దాం."

ఆవిడే వార్డుకు వెళ్లి ఖైరున్నీసాకు చెప్పారు. నేను వెనక నిలబడ్డాను. నిలబడి లెక్కలు వేసుకున్నాను. ఎండలో ఎంతసేపుంది? పది నిమిషాలేమో. పది నిమిషాలకు ఏమవుతుంది? నిజంగానే తక్కువుందేమో. ఎవరికి తెలుసు?

అప్పుడు ఖైరున్నీసా భర్తను పిలిచింది. ఆమె మెత్తటి మనిషి, పిలుపు కూడా గుసగుసలా ఉండేది.

"జర మెత్తటి గుడ్డ తేరాదు బజార్లకెల్లి. పచ్చది వద్దు. అంగీ కుడ్త."

మూడో కాన్పుకు ముందు కుట్టిన అంగీలన్నీ ఎవరికో ఇచ్చేసిందని, ఈసారి ఇప్పటిదాకా దారం ముట్టలేదని చాంద్‌బీ నాతో అంతకుముందే అని ఉంది. భర్త చెప్పులు వేసుకుని బయల్దేరాడు. అతను గేటు దాటేలోపు నేను డాక్టరమ్మ గదిలో ఉన్నాను.

చెప్పాను. ఆవిడ చేతిలో పల్లీలు కిందపెట్టారు.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. కొంచెం ఎక్కువే ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉందా?"

"అరగంట. అరగంట దాటింది."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని, బాగుండేది. రిపోర్టు తీసి, దాని మీద ఎర్ర పెన్నుతో "నీటికి ఎండ తగిలింది, ఈ లెక్క నమ్మరాదు" అని రాసి సంతకం చేశారు. తప్పెవరిదో రాయలేదు. ఆవిడ రాయకపోతే నేనే దాని కింద నా పేరు రాశాను. ఆవిడ చదివి కాగితం మడిచారు.

"మళ్లీ సూది వేయాలి. వాళ్లతో నువ్వే చెప్పు," అన్నారు. "నేను చెబితే నీ మీద కోపం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది."

రెండో సూది

వార్డుకు వెళ్లి ఖైరున్నీసా మంచం పక్కన కూర్చున్నాను. నిలబడి చెప్పే మాట కాదది. కొత్త పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మంచి మాట నిలబడి చెప్పినా ఫరవాలేదు, చెడ్డ మాట కూర్చుని చెప్పాలి.

"రిపోర్టు తప్పు. తక్కువున్నదని చెప్పినం గదా, అది నమ్మొద్దు. నిన్న నేను కాయితం విప్పి ఎండల పెట్టిన. ఎండకు రంగు పోతది. నాకు తెలుసు, తెలిసి విప్పిన. మళ్ల సూది వెయ్యాలె. మొదటి సూదికి ఎంత భయమున్నదో దీనికి గంతే ఉన్నది. వద్దంటే వద్దు, నీ ఇష్టం. కానీ వద్దంటే లోపల ఎట్లున్నదో మాకు తెల్వది."

ఖైరున్నీసా పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. చాంద్‌బీ నా వైపు తిరిగింది. నేను దెబ్బకు సిద్ధంగా ఉన్నాను.

"చూపియ్యమన్నది నేను," అంది. "చూపిచ్చినవ్ నువ్వు. ఇద్దరం కలిసే చేసినం."

"కాదమ్మా. అడుగుడు నీ హక్కు. చూపిచ్చుడు నా తప్పు. నల్ల కాయితం ఎందుకో సూదికి ముందే నీకు చెప్పి ఉంటే నువ్వు అడిగేదానివే కాదు. అది గూడ నా తప్పే."

"నేను గూడ అన్న గద, ఇద్దరిదని."

"ఇద్దరిది కాదంటున్న."

"తప్పు ఒప్పుకునేటప్పుడు గూడ లడాయేనా నాతోని?"

ఖైరున్నీసా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ లడాయి అయిపోతే," అంది, "సూది ఎప్పుడో చెప్పున్రి."

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ మళ్లీ చాయ్ తెప్పించారు. ఆ రోజు గ్లాసు పట్టుకున్న ఆవిడ వేళ్లు వెచ్చబడటానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. సూది దిగినప్పుడు ఖైరున్నీసా ఒక చేత్తో అత్త చెయ్యి, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. నీరు రాగానే కిటికీ మూసిన గదిలోనే గొట్టానికి కాగితం చుట్టాను. బయటికి వస్తే చాంద్‌బీ చెయ్యి చాచింది.

"తే. నేను పట్టుకుంట."

గొట్టం తీసుకుని బుర్ఖా లోపలికి పెట్టుకుంది. నల్ల కాగితం మీద నల్ల బుర్ఖా. రైల్లో కిటికీ పక్కన చోటు ఖాళీగా ఉంటే అటు వెళ్లలేదు, నా పక్కన నడిమధ్య కూర్చుంది. హైదరాబాదు దాకా రెండు చేతులూ బుర్ఖాలోంచి తీయలేదు. ఎదుటి సీటు ఆయన, శంకర్‌పల్లి దాటాక, ఉండబట్టలేక "ఏముందమ్మా లోపల, గంత భద్రంగ పట్టుకున్నవ్?" అని అడిగాడు.

"నా కోడలి కడుపు," అంది చాంద్‌బీ. "చూడరాదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కాగితం విప్పి చూపించమని ఈసారి ఆమె కూడా నన్ను అడగలేదు.

ఈసారి ల్యాబులో రంగు చాలా ఎక్కువ చూపించింది. మూడు వారాలు కాదు, ఒక్క వారం కూడా ఆగే పరిస్థితి లేదు. డాక్టరమ్మ ఫోను చేసి మాట్లాడి, ఖైరున్నీసాను హైదరాబాదు పెద్దాస్పత్రికి పంపించారు. నేను వెంట వెళ్లాను. నెత్తురు సిద్ధం చేసుకుని నెలన్నర ముందే కాన్పు చేశారు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. పచ్చగా ఉంది. రెండుసార్లు నెత్తురు మార్చారు. రెండోసారి మార్చిన మర్నాడు ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. ఏడుపు విని చాంద్‌బీ "నీ తీరే వచ్చినట్టున్నది" అంది నాతో. ఖైరున్నీసా కుట్టిన తెల్ల అంగీ ఆ పిల్లకు రెండు నెలల దాకా వదులైంది. పేరు నూర్జహాన్ అని పెట్టారు.

పసుపు నీళ్లు

ఆ తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. పరీక్షకు ముందే ఒక ఖాళీ గొట్టంలో మంచినీళ్లు పోసి, చిటికెడు పసుపు కలిపి, ఇంటివాళ్లందరి చేతికీ ఇచ్చేదాన్ని. సూదిని చూపించేదాన్ని. నల్ల కాగితం ముట్టుకోమనేదాన్ని. కళ్లారా చూడండి, అడగండి, నాతో కొట్లాడండి, కానీ అసలు నీళ్లు తీశాక ఎవరూ చూడకూడదు, నేను కూడా చూడను అని చెప్పేదాన్ని. మా డాక్టరమ్మ దీన్ని మెచ్చుకోలేదు, వద్దని కూడా అనలేదు. ఒకరోజు నా పసుపు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంత పసుపుంటే బిడ్డ బతకదు సిస్టర్, తగ్గించు" అన్నారు. ఆవిడ నవ్వించాలని చూసింది బహుశా ఆ ఒక్కసారే.

ఎనభైలలో తాండూరుకు మారేసరికి పరీక్ష మారింది. స్కానింగులో చూస్తూ నాలుగో నెలలోనే నీరు తీసి, అందులోని కణాలను పెంచి, శిశువు పుట్టుకలో లోపాలేమైనా ఉన్నాయా చెప్పడం పట్నంలో మొదలైంది. ఫలితానికి మూడు వారాలు పడుతుంది. సూది కంటే ఆ మూడు వారాలే కష్టం. అప్పటికి లోపల కదలికలు మొదలవుతాయి కదా. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకండి. ఫలితం మంచిదని వస్తే, వెతికిన జబ్బు లేదని మాత్రమే దాని అర్థం. పుట్టబోయే పిల్ల బంగారంలా ఉంటుందని ఏ కాగితమూ రాసివ్వదు. చెడ్డదని వస్తే ఏం చేయాలో ఆ తల్లి నిర్ణయిస్తుంది. మీ అభిప్రాయం మీ ఇంట్లో పెట్టి రండి. నా అంత అభిప్రాయాల మనిషే పెట్టి రాగలిగింది, మీకేం.

ఒక్క విషయంలో మాత్రం పెట్టి రాలేదు. కొడంగల్ వైపు నుంచి భూములున్న ఒకాయన, ముగ్గురు ఆడపిల్లల తల్లి అయిన కోడలిని వెంటబెట్టుకుని వచ్చి, ఆ పరీక్షకు చీటీ రాయించమన్నాడు.

"ఏం జబ్బున్నది మీ ఇంట్ల?" అన్నాను.

"జబ్బేం లేదమ్మా. ఆడో మగో తెలుస్తదట గద."

"తెలుస్తది. మీ అమ్మ కడుపుల మీరున్నప్పుడు గీ సూది లేకపోవుడు మంచిదైంది. మీ తీరు గూడ తెలిసేదుంటే ఏమయ్యేదో."

ఆయన పై అధికారికి అర్జీ పెట్టాడు. సంజాయిషీ రాసిచ్చాను. అందులో క్షమాపణ తప్ప అన్నీ రాశాను. అలాంటి చీటీలు రాసే డాక్టర్లు పట్నంలో ఉన్నారని నాకు తెలుసు. పెద్ద పెద్ద బోర్డులే పెట్టుకున్నారు. వాళ్ల సూది ఎంత శుభ్రమైనా వాళ్ల చెయ్యి శుభ్రం కాదని నేనంటాను. మీరెవరి దగ్గర పని చేసినా ఆ బల్ల దగ్గర మాత్రం నిలబడకండి.

చాంద్‌బీ ఇచ్చిన సర్టిఫికెట్టు

నా ఉద్యోగం చివరి ఏడు, బొంరాస్‌పేట నుంచి ఒక జంట వచ్చింది. మొదటి పిల్ల ఎదుగుదల లేక చనిపోయింది. రెండో గర్భానికి పట్నం వెళ్లి పరీక్ష చేయించుకోమని చెబుతున్నాను. ఆ అమ్మాయి భర్త వైపు చూస్తోంది. భర్త, సరే అని కూడా అనలేక, వద్దని కూడా అనలేక, బయట వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ బెంచీ మీద చాంద్‌బీ ఉంది. కళ్లకు పొర వచ్చి చూపించుకోవడానికి వచ్చింది. పక్కన జడలు వేసుకున్న నూర్జహాన్, బడి సంచీతో సహా. అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించడం ఆ పిల్ల పని.

కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉంది.

"ఏమన్నది మా సిస్టరమ్మ?"

"పట్నం పొమ్మంటున్నది అవ్వా. సూది వేస్తరట. నమ్మాల్నో వద్దో సమజైతలేదు."

"పో. గామె చెప్తే పో," అంది చాంద్‌బీ. "గామె తప్పు చేస్తది. మా దాంట్ల చేసింది. మల్ల వచ్చి మంచం పక్కన కూసొని, నేనే చేసిన అని చెప్పింది. పట్నపోళ్లు చెప్పకుంటే గూడ గామెనడుగు. చెప్తది. చెప్పకుండ ఉండలేదు."

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను.

"ఏం చాంద్‌బీ, ఒక్కసారి చేసిన తప్పు. పదిహేనేండ్ల సంది ఊరంత చెప్పుకుంట తిరుగుతున్నవా?"

నా గొంతు వచ్చిన వైపు ఆమె ముఖం తిప్పింది. మసక కళ్లతో నన్ను వెతుక్కుంది. ఒక చెయ్యి నూర్జహాన్ తల మీద ఉంది.

"ఒక్కటే చెప్తున్న గద," అంది. "దాంతోనే పని నడుస్తున్నది."

ఆ అబ్బాయి లేచి లోపలికి వచ్చి చీటీ రాయించమన్నాడు. నా దగ్గర చాంద్‌బీకి చెప్పాల్సిన జవాబులు రెండు మూడు ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. అలమరలోంచి ఖాళీ గొట్టం తీసి, నీళ్లు పోసి, పసుపు డబ్బా మూత తీశాను.